రాగిరంగు గుండు

నలుగురు నేస్తాలూ వేట ముగించి బాతు మాంసంతో చేసిన గంబో పులుసు తింటుంటే ఆల్సీడ్ పంటికింద కటుక్కుమంది. అరచేతిలోకి ఉమ్మాడు. రాగిరంగు గుండు.

"ఈ బాతును ఎవడు కొట్టాడ్రా?"

"నేనే, ఒక్క దెబ్బకి!" నోలన్ ఛాతీ విరుచుకున్నాడు. "మీ చవకరకం గుండ్లు ముట్టుకుంటానా? రాగిపూతవి వాడేది ఈ చిత్తడినేల మొత్తానికి నేనొక్కణ్ణే."

"పోయినేడు?"

"మూడేళ్లుగా ఇవే."

ఆల్సీడ్ జేబులోంచి ఇంకో రాగిరంగు గుండు తీసి దాని పక్కన పెట్టాడు. పోయినేడు చచ్చిపోయిన తన వేటకుక్క మెడలోంచి డాక్టరు తీసిన గుండు అది. ఎవడో దొంగ వేటగాడి పనని అప్పుడు ఈ ముగ్గురూ ఒట్టేశారు. నోలన్ ఏడుస్తూ గొయ్యి కూడా తవ్వాడు.

నోలన్ చెంచా గాల్లోనే ఆగిపోయింది.

కనీసం మిగతా ఇద్దరైనా ఆశ్చర్యపోతారేమోనని ఆల్సీడ్ అటు చూశాడు.

వాళ్లు గిన్నెల్లోంచి తలెత్తలేదు.