పిందె మీద బేరం

కొనే మనిషిని వెంటబెట్టుకుని తోట యజమాని షేక్ రేపు వస్తున్నాడని చాంద్ బాషా ఫోన్ చేసినప్పుడు, అంజన్న ద్రాక్ష వరుసల మధ్య చతికిలబడి ఉన్నాడు. నడుము లేవనంటోంది.

చాంద్ బాషా ఆ షేక్ దగ్గర కారు డ్రైవరు. కడప వైపు మనిషి. ఉండేది కొండ కింద, షేక్ ఇంటి దగ్గర. ఈ తోట మొహం అతను చూసిందే లేదు. కబుర్లు మాత్రం ముందు అతనికే తెలుస్తాయి. బయటిదేశాల పనివాళ్ళ మీద సర్కారు వసూలు చేసే లెవీ మళ్ళీ పెరిగిందట. షేక్‌కున్న ఖర్జూరం తోటలో వాళ్ళందరికీ ఖురూజ్, అంటే ఎగ్జిట్ ముద్ర, కొట్టి ఇళ్ళకు పంపేశారట. ద్రాక్షకు ఇదే తొలి పంట. వచ్చేవాడికి నచ్చితే అంజన్న ఇక్కడ ఉండటానికిచ్చే ఇకామా కార్డు రెన్యువల్ అవుతుంది. నచ్చకపోతే అతనికీ విమానమే.

విమానమెక్కి పోయేదెక్కడికి? కీసర దగ్గర అతని ద్రాక్ష పందిరి ఉన్నచోట ఇప్పుడు వెంచర్ రాళ్ళు పాతారు. పోతే ఆ రాళ్ళకే వాచ్‌మన్‌గా కూర్చోవాలి.

సౌదీలో, అభా కొండమీది ఈ తోటలో మొక్కలు ఫ్రాన్స్‌వి. ల్వార్ అనే నది లోయలో పెరిగే రకాలు. షేక్ ఆ దేశం తిరిగొచ్చి తెప్పించాడు. మొక్కలకు కట్టిన పేర్లు పట్టుకుని అంజన్న ఫోన్‌లో వీడియోలు వెతికాడు. షెనిన్ అని ఒకటి, తెల్లది. ఆ ఒక్క కాయతోనే తీపి వైనూ చేస్తారు, పులుపు వైనూ చేస్తారు, నురగలు కక్కే వైనూ చేస్తారు. రెండోది నల్లది, కాబర్నే ఫ్రాంక్. నీడన పెరిగితే దాని వైన్‌కు పచ్చిమిరప వాసన పట్టుకుంటుందట.

"ఈడ వైన్ పేరెత్తితే జైలే గదన్నా," అని చాంద్ బాషా అప్పుడే భయపెట్టాడు.

"వైన్ ఎవడు చేస్తడు భాయ్? జ్యూస్ తీస్తరు గావచ్చు. కాయ మంచిగుంటే ఏదైనా మంచిగైతది," అన్నాడు అంజన్న.

షేక్‌నే అడుగుదామంటే ఆయన మాట్లాడేది తక్కువ. అంజన్నకు వచ్చిన అరబ్బీ అంతకంటే తక్కువ. తోట జాగ్రత్త అన్నదొక్కటే అర్థమైంది.

జాగ్రత్తగానే చూశాడు. ల్వార్ రైతులు చేసే పనే చేశాడు. గుత్తికి ఎండ తగిలితే మిరప వాసన పోతుంది, కాయలోకి తీపి దిగుతుంది. కీసరలో అనాబ్‌షాహీ ద్రాక్ష పెంచిన చేతికి అది కొత్త సంగతి కాదు. పిందె పడగానే గుత్తుల చుట్టూ ఆకు దూసేశాడు. బలమంతా కాయకే పోవాలని తీగల లేత కొసలు తుంచేశాడు. నలుగురి పని ఒక్కడే చేశాడు. చేతివేళ్ళు పసరుపట్టి నల్లబడ్డాయి. పక్క కొండ మీది యెమెనీ కాపరి మేకలు రోజూ వచ్చి దూసిన ఆకంతా కడుపునిండా మేసి పోయాయి.

మర్నాడు పొద్దున్నే చాంద్ బాషా తోలుకొచ్చిన కారులోంచి షేక్ దిగాడు. వెంట ఒక సిరియా వ్యాపారి. హోటళ్ళకు సరుకు వేసేవాడట. పిందె మీదే బేరానికి రావడం అంజన్నకు వింత అనిపించలేదు. కీసరలోనూ అంతే. షావుకారి పిందె చూసే తోట గుత్తకు పట్టేవాడు.

ఒక గుత్తిని అరచేతిలోకి ఎత్తి చూపించాడు. శనగగింజంత పిందెలు, ఎండలో మెరుస్తున్నాయి. వ్యాపారి వాటివైపు చూడలేదు. వరుస చివరిదాకా నడిచాడు. వెనక్కి వచ్చి షేక్‌తో రెండు మాటలన్నాడు. షేక్ తీగలను చూశాడు. అంజన్నను చూశాడు. కారువైపు తిరిగాడు.

"ఏమంటున్నడు భాయ్? కాయ తక్కువున్నదా?"

చాంద్ బాషా షేక్ వెనకాలే కారువైపు రెండడుగులు వేసి ఆగాడు.

"కాయ ఎవురికి కావాలన్నా? ఈడోళ్ళు ద్రాక్షాకులో అన్నం చుట్టి ఉడకేసుకోని తింటారే, ఆయప్ప కొనేదానికి వచ్చింది ఆ ఆకు."