కోటకొమ్మల మసిబట్ట

ముసలామె మసిబట్టను తిరగేసి, అంచు దగ్గర కళ్ళు పెట్టి మరీ చూస్తోంది.

సుమన కుట్టుమిషను ఆపింది.

అమరచింతలో ఆ ముఖం ఎప్పుడూ చూడలేదు. పైగా రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది. మసిబట్టను కూడా కొంగుతోనే పట్టుకుంది.

“ఎవరు కావాలె అవ్వా?”

“ఎవ్వరొద్దు బిడ్డా. గిది నువ్వే కుడతవా?”

“ఆఁ. ఎందుకు?”

“మంచిగున్నది. అంచుకు గీ మడతలు ఎట్ల పెడతవు?”

సుమనకు అనుమానమొచ్చింది.

పాత గుడ్డముక్కలను పొరలుగా పేర్చి బొంతలా కుట్టి, చుట్టూ చిన్న బట్టముక్కలను ముక్కోణాలుగా మడిచి అతికిస్తుంది సుమన. గద్వాల చీర అంచులోని కోటకొమ్మల్లా ఉంటాయవి. వేడి గిన్నె దించే గుడ్డకు ఇంత సోకా అని మొగుడు శ్రీనాథ్ నవ్వాడు.

“నీకేం తెల్సు? గద్వాల ఊరంత ఎగబడి కొంటున్నది” అని అతని నోరు మూయించింది. అక్కడ లింగయ్య సేటు దుకాణంలో పెట్టిన సరుకు పెట్టినట్టే అయిపోతోంది మరి.

సుమనకు మిగిలిన పని అదొక్కటే. పోయినేడు పని నేర్చుకుంటానని వచ్చిన యమునకు జాకెట్ల డిజైన్లు నేర్పితే, ఆమె ఎదురుగానే దుకాణం తెరిచింది. గిరాకీ అంతా అటే పోయింది. మళ్ళీ మోసపోయేంత పిచ్చిది కాదు సుమన.

మడుస్తున్న ముక్కను గబుక్కున ఒడిలో దాచేసింది.

“గీ మడత ఇంకింత పెద్దగ పెడితే ఎట్లుంటది బిడ్డా?”

“నిన్నెవరు పంపిన్రు?”

“నన్నెవరు పంపుతరు? నేనే గద్వాల బస్సెక్కి వచ్చిన.”

గద్వాల! ఇంకేం, అక్కడెవరికో కన్ను కుట్టిందన్నమాట.

“కొంగు కింద ఏం దాచినవ్? తియ్, చూస్త.”

ముసలామె ముఖం చిన్నబోయింది. కొంగు ఇంకా దగ్గరికి లాక్కుంది.

“ఏం లేదు బిడ్డా.”

“గీ వయసుల గీ దొంగ బుద్ధి ఏంది? నడువ్ ఈడికెల్లి!”

ముసలామె మసిబట్టను మెల్లగా బల్లమీద పెట్టింది. వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

సుమన సరుకంతా చూసుకుంది. ఏదీ పోలేదు. అయినా అనుమానం పోలేదు.

మరుసటి వారం నిండు సంచితో గద్వాల వెళ్ళింది. లింగయ్య సంచి అందుకోలేదు.

“మణెమ్మవ్వ నీ దగ్గరికొచ్చిందా సుమనమ్మా?”

“ఏ మణెమ్మ?”

“బడిల వంట చేస్తుండె. గిన్నె దించుతుంటె బట్ట జారి, ఉడికే పప్పు మీద పడి రెండు చేతులు కాలినయ్. వేళ్ళు అతుక్కపోయినయ్. ఇంకెవ్వరి చేతులు కాలొద్దని, సర్కారిచ్చిన పైసలతోని నీ మసిబట్టలు కొని బడి బడికి తిరిగి వంటోళ్లకు పంచుతుండె. మడత జర పెద్దగుంటె బొటనవేలు దాంట్ల దూరి కాలదని చెప్పొస్తనన్నది. నీ ఇల్లు నేనే చెప్పిన.”

సూది కూడా పట్టలేని చేతులనా తను దొంగ చేతులనుకుంది? సుమనకు సిగ్గుతో తల వాలిపోయింది.

“ఆమె ఇల్లెక్కడ సేటూ? ఇప్పుడే పోత.”

“ఖాళీ చేసి పోయింది. కోడేరు దిక్కు చుట్టాలున్నరట, ఎవరో తెల్వదు. ‘ఆ పిల్ల నన్ను దొంగనుకున్నది, ఇంక కొంటె బాగుండదు’ అన్నది.”

“మరి గీ సంచి?”

“వాపస్ తీస్కపో అమ్మా.”

తన మసిబట్టలను ఎగబడి కొంటున్నదని సుమన మురిసిపోయిన గద్వాల ఊరంతా ఆ ఒక్క ముసలామే.