మూడో కుప్ప

“నువ్వు మందు వెయ్యడం మర్చిపోయావమ్మా. ఆ సంగతి ఒప్పేసుకుంటే ఇద్దరికీ హాయి,” అన్నాడు ప్రొఫెసర్ రామారావు, దిల్‌సుఖ్‌నగర్‌లో శిష్యురాలి ఇంటికి మూడంతస్తుల మెట్లెక్కిన ఆయాసం తీరకముందే.

“మర్చిపోలేదు సార్,” అంది రజిత. ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న విద్యార్థిని. ఏడాది కష్టం ఆ ఒక్క మాట మీద నిలబడి ఉంది.

గొడవంతా కణాల ఫోటోల గురించి. కణం రెండుగా చీలేటప్పుడు దాని లోపల ట్యూబులిన్ అనే ప్రోటీన్ సన్నటి పోగులుగా కూడుకుంటుంది. పని కాగానే ఆ పోగులు విడిపోతాయి. ఒక క్యాన్సర్ మందు వాటిని విడిపోనివ్వకుండా బిగించేస్తుంది, దాంతో కణం చస్తుంది. కానీ కొన్ని కణాల్లో ట్యూబులిన్ వేరే రకమని, అక్కడ మందు వేసినా పట్టదని రజిత వాదన. ఆ కణాల ఫోటోలు అచ్చం మందు వెయ్యని కణాల్లాగే ఉన్నాయి, అసలు మందే వేసి ఉండదని సార్ వాదన. రెంటికీ తేడా ఉందని, ఏది ఏదో తెలియని మూడో మనిషి చూసి తేల్చాలి. లేదంటే ఏడాది పని చెత్తబుట్టలోకి.

పోయిన వారం రజిత అరవై ఫోటోలు తెచ్చి, “ఒక్క తీరుగున్నవి ఒక్క తాన పెట్టు బాపూ,” అని తండ్రి బ్రహ్మానికిచ్చి ల్యాబ్‌కి పోయింది. సాయంత్రానికి మూడు కుప్పలు తయారు. వెనకున్న నంబర్లతో సరిచూస్తే మూడూ సరిపోయాయి: మందు వెయ్యనివి, వేస్తే పట్టినవి, వేసినా పట్టనివి. రామారావు మాత్రం నమ్మలేదు. నా కళ్ల ముందు చెయ్యమను అన్నాడు. ఇదిగో, ఈ ఆదివారం కొత్త ఫోటోలతో ఎల్‌బీ నగర్ నుంచి మెట్రోలో తనే దిగాడు.

బ్రహ్మం ఇస్త్రీ చొక్కా తొడిగి కూర్చున్నాడు. పోచంపల్లిలో ఇరవై ఏళ్లు మగ్గం నేసి, ఇప్పుడు కింద రోడ్డు మీది చీరల షాపులో పని చేస్తున్నాడు. ‘ఉత్తమ నేత కళాకారుడు’ అన్న సర్టిఫికెట్ గోడకి వేలాడుతోంది, వచ్చినవాళ్ల కుర్చీకి సరిగ్గా ఎదురుగా. వారం నుంచి షాపులో చీర విప్పినప్పుడల్లా కణాల కథ చెబుతున్నాడు. వినలేక ఇద్దరు ముగ్గురు చీర కొనకుండానే లేచిపోయారు.

“మొదలుపెట్టండి,” అన్నాడు రామారావు, ఇరవై నాలుగు ఫోటోలు బల్ల మీద పెట్టి.

“జర ఆగుండ్రి సార్. చాయ్ రానియ్యుండ్రి. చాయ్ లేంది నాకు కండ్లు తెరుసుకోవు.”

భార్య భూలక్ష్మి చాయ్ తెచ్చింది. గ్లాసులు పెట్టి, భర్త పక్కనే నిలబడి గుడ్డతో బల్ల తుడవడం మొదలుపెట్టింది. ఆవిడకి ఎక్కడా ఒక్క మరక ఉండకూడదు. బ్రహ్మం ఒక్కో ఫోటో కిటికీ వెలుగులోకి ఎత్తి చూసి, ఠీవిగా కుప్పల్లో వేస్తున్నాడు. పది అయ్యాయి.

“అమ్మా, మీరు కాస్త లోపలికి వెళ్తారా? ఆయన ధ్యాస చెదురుతుంది,” అన్నాడు రామారావు విసుగ్గా.

భూలక్ష్మి వెళ్లింది. బ్రహ్మం పదకొండో ఫోటో ఎత్తాడు. దించాడు. మళ్లీ ఎత్తాడు. కుడి పక్క పెట్టి, వెనక్కి తీసుకున్నాడు. నుదుట చెమట పట్టింది.

“ఏమైందండీ?” అన్నాడు రామారావు.

“చాయ్ సల్లగైంది సార్. ఓ భూలక్ష్మీ, ఇంకో చాయ్ తే.”

రామారావు గడియారం చూసుకున్నాడు. ఈ చాయ్ పిచ్చి రజితకి కొత్త కాదు గానీ, ఇవాళ మాత్రం తండ్రి మీద ఒళ్లు మండింది. చాయ్ వచ్చింది, బల్ల మీద గుడ్డ మళ్లీ తిరిగింది, మిగతా పద్నాలుగు ఫోటోలూ పది నిమిషాల్లో అయిపోయాయి.

రామారావు జేబులోంచి చీటీ తీసి నంబర్లు సరిచూశాడు. మళ్లీ మొదటి నుంచి చూశాడు. ఇరవై నాలుగుకి ఇరవై నాలుగు.

“నేను ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను. నాకు కనబడలేదు,” అన్నాడు కళ్లజోడు తీసి. “ఏం తేడా ఉందండీ వీటిల్లో?”

“గీ కుప్పల పోగు వదులుగుంది సార్. గా కుప్పల గంజి ఎక్కువై కట్టెవడ్డది. మూడో కుప్పల గంజి వెట్టిన్రు, గని పోగు పట్టలే. పట్టకున్న ఆనవాలుంటది. గంజే వెట్టలేదంటే నేను ఒప్పుకోను.”

“అయితే మందు వేసింది,” అన్నాడు రామారావు మెల్లగా. “తప్పు నాదేనమ్మా రజితా.”

రజితకి కళ్లు నిండాయి. “మా బాపు సార్,” అంది, ఎవరూ అడగకపోయినా. జన్మలో అంత గర్వం ఎప్పుడూ కలగలేదు.

రామారావు ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. “రజిత వ్యాసంలో తన పేరు పక్కనే మీ పేరూ వేస్తాం. ఇక్కడ పూర్తి పేరు రాసి సంతకం పెట్టండి.”

బ్రహ్మం పెన్ను అందుకున్నాడు. గోడ మీది సర్టిఫికెట్ వంక చాలాసేపు చూశాడు. తర్వాత కాగితాన్ని మెల్లగా జరిపి, గుడ్డ పట్టుకున్న భూలక్ష్మి చేతి దగ్గర పెట్టాడు.

“నాకెందుకు గవన్నీ?” అంది ఆవిడ, వెనక్కి తగ్గి.

“ఏంటండీ ఇది?” అన్నాడు రామారావు.

“ఫోటో పట్టింది నేను సార్, బల్ల తుడ్సుకుంట ఏది ఎటు పెట్టాల్నో చూయించింది ఆమె. గా గోడ మీద సర్టిఫికెట్ ఒచ్చిన చీరకు గూడ పోగు చూసింది ఆమెనే, పేరు నాది పడ్డది.”