పద్నాలుగో రీలు

"మామా, మీ పెద్దమ్మ వచ్చింది!" ప్రొజెక్టర్ గది మెట్ల మీంచి ఆపరేటర్ కేకేశాడు.

టార్చ్ మామ గబగబా గేటు దగ్గరికి వెళ్లాడు. ముప్పయ్యేళ్లుగా ఆ థియేటర్లో చీకట్లో టార్చ్ వేసి జనానికి సీట్లు చూపించడమే అతని ఉద్యోగం. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. జీతం ఇచ్చే మేనేజరుకైతే అసలే లేదు.

ఆమె వెలిసిపోయిన గొడుగు ముడిచి టికెట్టు చేతికిచ్చింది. డెబ్భై దాటిన మనిషి. పంతొమ్మిది రోజులుగా మ్యాట్నీకి తప్పకుండా వస్తోంది. అదే సినిమా, అదే మూల సీటు. విశ్రాంతిలో బయటికి కూడా రాదు.

అదొక కోర్టు సినిమా. పొరుగూళ్లో నిజంగా జరిగిన కేసే. పదిహేనేళ్ల కిందట అక్కడి మిల్లులో మంటలు లేచాయి. తలుపుకు బయట తాళం. లోపల నలుగురు ఆడకూలీలు కాలిపోయారు. తాళం వేసింది వాచ్‌మనేనని కోర్టు తేల్చింది. వాడికి పాతికేళ్లు కూడా నిండలేదు. జైల్లోనే పోయాడు. ఆ తర్వాత రెండేళ్లకు మిల్లు సూపర్‌వైజర్ మంచాన పడి నిజం కక్కాడు. కూలీలు పని మధ్యలో బయటికి పోకూడదని తాళం వేయించింది యజమానేనట. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు అందరూ అయ్యో అన్నారు.

సినిమావాళ్లు మాత్రం వాచ్‌మన్‌ని బతికించారు. పద్నాలుగో రీల్లో జడ్జి కళ్లజోడు సర్దుకుని, "ఇతను నిర్దోషి. విడుదల చేస్తున్నాను" అంటాడు. హాలంతా ఈలలు.

ఆ ఈలల్లో ఈమె వెక్కివెక్కి ఏడుస్తుంది. ఎవరో చెప్పాలా? కన్నతల్లి కాక ఇంకెవరేడుస్తారు అలా! సినిమాలో వాచ్‌మన్ తల్లి జడ్జి కాళ్ల మీద పడే సీను రాగానే తల అటు తిప్పేసుకుంటుంది కూడా. తన బాధ తాను చూసుకోలేకపోతోంది పిచ్చితల్లి, అనుకున్నాడు టార్చ్ మామ. పుండు మీద కారం చల్లినట్టవుతుందని కొడుకు ఊసు ఎత్తలేదు. ఒక్కసారి మాత్రం నోరు ఊరుకోలేదు.

"ఆ రోజు ఆ జడ్జి కళ్లెక్కడ పెట్టుకున్నాడమ్మా?"

"కాగితం మీద" అందామె. మళ్లీ తనే అంది. "ముగ్గురు సాక్షులొచ్చారు. ముగ్గురూ తాళం వేసింది వాడేనన్నారు. తాళంచెవి నా దగ్గర లేదని వాడొక్కడే అన్నాడు. కాగితంలో ఉన్నది దాటి ఎవరేం చెయ్యగలరు బాబూ?"

నిజమే మరి, కోర్టుతో ఎవరు పోట్లాడగలరు అనుకున్నాడు.

ఇవాళ సీటు చూపిస్తూ మెల్లగా చెప్పాడు. "అమ్మా, ఇవాళే ఆఖరాట. రేపట్నుంచి కొత్త సినిమా."

"తెలుసు బాబూ. ఆ ఒక్క మాట ఇంకోసారి విని వెళ్తాను. విన్న రోజు కాస్త కన్ను మూతపడుతోంది."

ఆ రోజు హాల్లో లెక్కపెడితే పదకొండు మంది. పైగా రీళ్లపెట్టె అయిదింటి బస్సుకి ఎక్కాలి, సాయంత్రం ఆటకి ఇంకో ఊరు చేరాలి. ఇలాంటప్పుడు ఆపరేటర్లు చేసే పనే మన ఆపరేటరూ చేశాడు. ఒక రీలు ఎగరగొట్టాడు. మామూలుగా అయితే ఏ పాటో, ఏ ఫైటో పోతుంది. ఈ సినిమాలో పాట లేదు, ఫైటు లేదు. జడ్జి కూర్చుని పది నిమిషాలు చదవడమే కదా అని పద్నాలుగో రీలు వెయ్యకుండా పక్కన పెట్టేశాడు.

తెర మీద వాచ్‌మన్ బోనులో ఉన్నాడు. రెప్ప వేసేలోగా రోడ్డు మీద ఎండలో నడిచి వెళ్లిపోతున్నాడు. శుభం. పది మందీ చెప్పులు వెతుక్కుని లేచారు. ఒక్కడికీ ఏమీ తేడా తెలియలేదు.

ఆమె మాత్రం కదల్లేదు.

"తీర్పు ఏది బాబూ?"

టార్చ్ మామ రెండేసి మెట్లు ఎక్కి పైకి వెళ్లాడు. "ఓరి నీ తొందర తగలెయ్య! తీర్పు తినేశావేంట్రా?"

"వాడు విడుదలై రోడ్డు మీద నడుస్తున్నాడుగా మామా! ఇంక తీర్పుతో పనేముంది?"

"ఆ ఒక్క రీలూ వెయ్యరా. నీకు దణ్ణం పెడతా."

"ఎక్కడిది? చివరిది తప్ప అన్నీ ఎప్పుడో సర్దేశాను, అదీ ఇప్పుడే పెట్టి పంపేశాను. పెట్టె ఆటోలో ఉంది."

టార్చ్ మామ వీధిలోకి ఉరికాడు. ఆటో మలుపు తిరుగుతోంది. "ఆగవోయ్!" అంటూ మలుపుదాకా పరుగెత్తాడు. చెప్పు తెగింది. వయసు కాదాయె, ఊపిరి అందలేదు. ఆటో కనుమరుగైంది. తెగిన చెప్పు చేత్తో పట్టుకుని వెనక్కి వచ్చాడు.

ఆమె గేటు దగ్గర నిలబడి ఉంది. అతని చేతిలో తెగిన చెప్పు తప్ప ఏమీ లేకపోవడం చూసి గొడుగు విప్పబోయింది. ఎదురుగా కొత్త పోస్టరుకి జిగురు పూస్తున్నారు.

"క్షమించమ్మా. ఆ ఒక్క మాటా వినిపించలేకపోయాను" అన్నాడు. "అయినా ఏం లాభంలే. మీ వాడికి ఆ రోజు ఇలాంటి జడ్జి దొరికి ఉంటే, మీకీ కడుపుకోత ఉండేదా?"

ఆమె సగం విప్పిన గొడుగు ముడిచేసింది.

"ఆ రోజు ఆ కుర్చీలో కూర్చుని వాడికి యావజ్జీవం వేసింది నేనే బాబూ."