ఐదింట ఒకటి

"మొదలు నేనే తీస్త" అంటూ రామ్‌దాస్ చక్కెర డబ్బాలో చెయ్యి పెట్టబోయాడు. సుధారాణి డబ్బాను చటుక్కున తన వైపు లాక్కుంది.

"మీరెందుకు మొదలు? ఐదు చీటీలున్నప్పుడు తీసినోళ్లకే ఛాన్స్ ఎక్కువ. మీరు షెడ్డు పట్టుకపోతే మేం డబ్బా నాక్కుంట కూసోవాల్నా?"

కంఠేశ్వర్‌లోని ఆ అపార్ట్‌మెంటులో ఇళ్లు ఐదు, కార్లు ఐదు, రేకుల షెడ్డు ఒకటి. షెడ్డు దొరకని నాలుగు కార్లూ ఎండకు ఎండాలి, పావురాలు చేసేదంతా నెత్తిన మోయాలి. అందుకే ఆదివారం పొద్దున్నే అందరూ స్నానాలు చేసి, దేవుడికి దండం పెట్టుకుని మరీ కిందికి దిగారు.

"ఇదిగో చూడండి, నేను ప్రెసిడెంటుని" అన్నాడు బ్రహ్మానందం. ఆయన చెరకు తోట రుద్రూర్ దగ్గర, కాపురం ఇక్కడ. "మొదటి చీటీ నాది. అది పదవికిచ్చే మర్యాద."

"మర్యాద గావాల్నంటే చాయ్ వోస్త, తాగు. చీటీ మాత్రం ఇయ్య" అంది సాయవ్వ. డ్యూటీకి పోతూ ఆమె కొడుకు, షెడ్డు రాకపోతే తనతో మాట్లాడొద్దని చెప్పి పోయాడు.

అప్పుడు పరమేశ్వర్ గొంతు సవరించుకున్నాడు. ఆయన బడిలో లెక్కలు చెప్తాడు. అక్షరాలు గుండ్రంగా ఉంటాయని చీటీలు రాసే పని కూడా ఆయనకే అప్పజెప్పారు. ఒకదాని మీద 'షెడ్డు' అని రాయాలి, నాలుగు ఖాళీగా వదలాలి.

"గిండ్ల కొట్లాడేదేం లేదు. మొదలు తీసినా, ఆఖర్ల తీసినా ఐదింట ఒకటే ఛాన్స్. పదో తరగతి లెక్క."

"అదెట్ల సార్?" అన్నాడు రామ్‌దాస్. "ఆఖరోనికి మిగిలేదే ఒక్క చీటీ. దాంట్ల ఏముంటది, మన్ను?"

పరమేశ్వర్ జేబులోంచి సుద్దముక్క తీశాడు. సెలవు రోజైనా ఆయన జేబులో అది ఉంటుంది. నేల మీదే రాయడం మొదలుపెట్టాడు.

"ఆఖరోనికి షెడ్డు రావాల్నంటే ముందున్న నలుగురికీ రావొద్దు. మొదటోనికి రాకపోయే ఛాన్స్ ఐదింట నాలుగు. తర్వాత నాలుగింట మూడు. మూడింట రెండు. రెండింట ఒకటి. అన్నీ గుణించుర్రి. పైనా కిందా కొట్టేస్తే ఎంత మిగిలింది?"

మర్నాడు సంభావ్యత పాఠం మీద పరీక్ష రాయాల్సిన ఆయన కూతురు సింధూజ వంగి చూసి, "ఐదింట ఒకటి" అంది, పెద్దగా నమ్మకం లేకుండానే.

"ఇంకా డౌటుంటే మీరంతా ముందు తీసుకోర్రి. నేనే ఆఖర్ల తీస్త" అన్నాడు పరమేశ్వర్.

ఒక్కసారిగా డబ్బా మీదున్న చూపులన్నీ లేచి ఆయన మొహం మీద వాలాయి.

"గీయన ఆఖరుకు ఎందుకు పోతున్నడు?" అంది సుధారాణి, రామ్‌దాస్ చెవిలో, అందరికీ వినబడేట్టుగా.

"లెక్క తెలిసినోడు. ఊకెనే పోతడా?" అని రామ్‌దాస్ డబ్బాకు రెండడుగులు దూరం జరిగాడు. "సార్, ఆఖర్ల నేను తీస్త."

"ఇప్పుడే మొదలన్నరు గద!" అంది సుధారాణి.

"మనసు మారింది. మారొద్దా?"

"అలా కుదరదండీ" అన్నాడు బ్రహ్మానందం. "పదవికిచ్చే మర్యాద ప్రకారం ఆఖరి చీటీ నాది."

"నాకు మోకాళ్లు నొస్తయి" అని సాయవ్వ కుర్చీ లాక్కుని కూర్చుంది. "మీరందరు తీసుకున్నంక, మిగిలింది తెచ్చి నా చేతుల వెట్టుండ్రి."

అరగంట అరుచుకున్నాక ఆఖరి స్థానం ప్రెసిడెంటుకు దక్కింది. నాలుగోది మోకాళ్లకు పోయింది. మూడు, రెండు ఎలాగో తెమిలాయి. మొదటిది తీయడానికి మాత్రం ఎవరూ ముందుకు రాలేదు.

బ్రహ్మానందం మీసం దువ్వుకున్నాడు. "మాస్టారూ, మొదలైనా చివరైనా ఒకటే అన్నారుగా? అయితే మొదటిది మీరే తీయండి."

"అట్లెట్ల? నేను ఆఖర్ల అనుకున్న."

"మీ లెక్క మీద మీకే నమ్మకం లేదా సార్?" అన్నాడు రామ్‌దాస్. సుధారాణి కిసుక్కున నవ్వింది.

పరమేశ్వర్ నేల మీది లెక్కను చూశాడు, కూతుర్ని చూశాడు, నిట్టూర్చాడు. అన్న మాట మీద నిలబడక తప్పని మనిషిలా డబ్బాలో చెయ్యి పెట్టి, ఒక చీటీ తీసి, అందరికీ కనబడేట్టు విప్పాడు.

షెడ్డు.

"నేను మొదలంటే డబ్బా గుంజినవు గద!" రామ్‌దాస్ సుధారాణి మీదికి లేచాడు.

"ఆఖరు ఆఖరని ఎగవడ్డదెవలు? నేనా?"

"ఆయన్ని బతిమాలి మొదలు తీపిచ్చిండు గీ ప్రెసిడెంటు! ఏం జెప్పాలె నా కొడుక్కు?" అని సాయవ్వ మోకాళ్ల సంగతి మర్చిపోయి లేచి నిలబడింది. ఖాళీ చీటీలతో ఎవరికీ పని లేదు కాబట్టి డబ్బా వైపు ఎవరూ చూడలేదు. అది తమ ఇంటి చక్కెర డబ్బా కాబట్టి సింధూజ పైకి పట్టుకుపోయింది.

కాసేపటికి ఆమె మళ్లీ కిందికి వచ్చింది. పరమేశ్వర్ షెడ్డులో కారు నిలిపి, దాని మీద ఆఖరి పావురం గుర్తులు కడుగుతున్నాడు.

"బాపూ, పరీక్షకు ప్రాక్టీస్ జేద్దామని మిగిలిన నాలుగు చీటీలు విప్పిన."

"మంచి పని జేసినవ్."

"నాలుగూ విప్పినంక నాకు లెక్క ఇంకింత సమజైతలేదు."

"ఎవలు ఎప్పుడు తీసినా ఛాన్స్ సమానమని చెప్పిన గద బిడ్డా" అన్నాడు పరమేశ్వర్, అద్దం తుడుస్తూ. "గందుకే ఐదింటి మీదా 'షెడ్డు' అనే రాసిన."