ఉస్తీన్యా కలిపిన వరస

"ఈవిడెవరు?" అన్నాడు ఇళ్ళ కమిటీ నుంచి వచ్చిన మనిషి, చేతిలోని జాబితా మీంచి తలెత్తకుండానే.

అదెలైదా కిరిల్లోవ్నా నోరు తెరిచేలోపే, బట్టలుతికే ఉస్తీన్యా తడి చేతులు పావడాకు తుడుచుకుంటూ ముందుకొచ్చింది.

"మా పిన్ని. నాతోపాటే బట్టలుతుకుతుంది."

అతను ఆ పెద్దావిడ చేతులకేసి చూశాడు. అరవై ఏళ్ళుగా సబ్బు నీళ్ళెరుగని చేతులవి. అదెలైదా వాటిని శాలువా చాటుకు లాక్కుంది. పిన్నికి రెండు వారాలుగా జ్వరమనీ, మంచం దిగనివ్వలేదనీ, రేపటినుంచి తొట్టి దగ్గర నిలబెడతాననీ ఉస్తీన్యా తడుముకోకుండా చెప్పుకుపోయింది. ఒకప్పుడు ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషతను. అతని చొక్కాలు ఉతికేదీ ఉస్తీన్యానే. ఆమె ముఖంలోకి కాసేపు చూసి, 'బట్టలుతికే పని' అని రాసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

అదెలైదా కుర్చీలో కూలబడింది. ఎదురింటి ముసలి జనరల్‌ని మొన్న శుక్రవారం కొత్త ప్రభుత్వం మనుషులు తీసుకువెళ్ళారు. ఆయన మళ్ళీ రాలేదు.

రష్యాలో పెట్రోగ్రాడ్ నగరం ఏడాదిన్నరలో తలకిందులైంది. రొట్టె కోసం వరసల్లో నిలబడి విసిగిన ఆడవాళ్ళు వీధిన పడ్డారు. వాళ్ళ మీదికి పంపిన సైనికులు వాళ్ళలోనే కలిసిపోయారు. మూడు వందల ఏళ్ళు ఏలిన వంశం వారం తిరక్కుండా గద్దె దిగింది. ఎనిమిది నెలలకే ఇంకో విప్లవం వచ్చి, దొరల ఇళ్ళను పేదలకు పంచింది. అదెలైదా భర్త కర్నల్ వేరెస్కిన్ ఇవేవీ చూడలేదు. మూడేళ్ళ కిందటే గాలీషియా యుద్ధంలో పోయాడు. ఆయన కట్టించుకున్న ఆ ఇంట్లోకి అయిదు కుటుంబాలు వచ్చాయి. నేలమాళిగలో ఉండే ఉస్తీన్యా తన రాగి తొట్టితో సహా భోజనాల గదిలోకి మారింది.

ఆ సాయంత్రమే ఉస్తీన్యా గోడ మీది కర్నల్ ఫోటో దించింది. యూనిఫాంలో, పతకాలతో ఉన్న ఫోటో. ఎవరి కంటైనా పడితే ముప్పని పాత దుప్పట్లో చుట్టబోతూ ఆగి, దానికేసి చాలాసేపు చూసింది.

"ఈయన్ని మరిచిపోయే రోజు లేదమ్మగారూ, నాకు" అంది.

అదెలైదాకు కళ్ళు చెమర్చాయి. భర్త తన పని సంగతులు ఇంట్లో ఎక్కువగా మాట్లాడేవాడు కాదు. ఎప్పుడో, ఎవరికీ చెప్పకుండా, ఈమెకేదో మేలు చేసి ఉంటాడు. ఆ పుణ్యమే ఇవాళ తనను కాపాడిందనుకుంది.

మర్నాటినుంచి అదెలైదా నిజంగానే తొట్టి దగ్గర నిలబడింది. మొదటి వారం వేళ్ళు పగిలి నెత్తురు కారింది. ఉస్తీన్యా రాత్రిపూట వాటికి కొవ్వు రాసి గుడ్డ చుట్టేది. పనిచేసేవాళ్ళ రేషను కార్డు వచ్చింది. అరచేతిలో పట్టేంత రొట్టె దొరికింది. ఎండుచేప తలతో ఉస్తీన్యా కాచిన చారులో దాన్ని ముంచుకుని ఇద్దరూ ఒకే గిన్నెలో తినేవాళ్ళు. కమిటీ వాళ్ళ కోసం పెట్టుకున్న 'పిన్ని' పిలుపు, ఎవరూ లేనప్పుడు కూడా ఉండిపోయింది.

నవంబరులో జర్మనీ చక్రవర్తి పారిపోయాడనీ, వియన్నాలోనూ సింహాసనం ఖాళీ అయిందనీ పేపర్లో వచ్చింది. అదెలైదా చదివి వినిపించింది.

"వాళ్ళ దుప్పట్లు ఉతికినవాళ్ళు ఏమయ్యారో రాశారా, పిన్నీ?"

రాయలేదంది అదెలైదా.

"ఎందుకు రాస్తార్లే" అని ఉస్తీన్యా దుప్పటి పిండింది. చాలా రోజుల తర్వాత అదెలైదా నవ్వింది.

డిసెంబరులో తాంబోవ్ దగ్గరి పల్లెనుంచి అదెలైదా చెల్లెలు కబురు పంపింది. అక్కడ బంగాళాదుంపలున్నాయి, వచ్చెయ్యమని. ప్రయాణపు అనుమతి కాగితం కోసం ఉస్తీన్యా కమిటీ ఆఫీసు చుట్టూ తొమ్మిది రోజులు తిరిగింది. స్టేషనుకు మూట కూడా తనే మోసింది.

రైలు పక్కన అదెలైదా ఆమె చేతులు పట్టుకుంది. "నాకు ఇంతా చేశావు. మా ఆయన నీకు చేసిన మేలేమిటో ఇవాళైనా చెప్పు. ఆ మాట నాతో తీసుకెళతాను."

"ఆయనేం చెయ్యలేదు పిన్నీ. చేసింది మీరు."

పధ్నాలుగేళ్ళ కిందటి సంగతి చెప్పింది ఉస్తీన్యా. జనవరి ఆదివారం. దారీతెన్నూ తెలియక ఆ ఇంటి పెరటి మెట్ల మీద మంచులో కూర్చుండిపోయింది. చర్చినుంచి వస్తున్న అదెలైదా ఆమెను వంటింట్లోకి తీసుకెళ్ళి టీ ఇచ్చింది, తన శాలువా కప్పింది, ఏమీ అడగలేదు. మర్నాడు కాపలావాడితో చెప్పి నేలమాళిగలో చోటిప్పించింది. అదెలైదాకు ఇదేదీ గుర్తులేదు.

"ఆ రోజు ఏమైంది నీకు?"

"మా ఆయన ఫోమా పోయాడు. జార్‌కి అర్జీ ఇద్దామని జనంతోపాటు బయల్దేరాడు. వంతెన దగ్గర కాల్చేశారు."

అదెలైదా ఆమె చేతులు వదిలేసింది. "నీకు... అంతా తెలుసా?"

"ఆ రోజుల్లోనే తెలిసింది" అంది ఉస్తీన్యా, ఆమె శాలువా సర్దుతూ. "రైలు కదులుతోంది పిన్నీ, ఎక్కండి. చేరగానే ఉత్తరం రాయండి."

ఆ ఆదివారం వంతెన దగ్గర కాల్చమన్నది కర్నల్ వేరెస్కిన్.