ఉంచమన్న మొక్కు

"అత్తా, ఆ ముడుపు ఇప్పేయవా?"

కోడలు ఝాన్సీ మాటకి సన్యాసమ్మ దీపం ముందు నుంచి తలెత్తింది. గోడ మీద చోడవరం వినాయకుడి పటం. పటం మేకుకి పసుపుగుడ్డలో కట్టిన ముడుపు వేలాడుతోంది.

"నీకు మతి పోయిందేటే? అది కట్టేను గాబట్టే ఆడింకా ఉన్నాడు."

"ఉన్నాడు. ఎలాగున్నాడో ఇను."

పక్కగదిలో సన్యాసమ్మ కొడుకు గౌరీశంకర్ మూలుగుతున్నాడు. కేన్సర్ ఎముకల్లోకి పాకిందని, ఇంక ఇంటికి తీసుకుపొమ్మని విశాఖలో డాక్టర్లు చెప్పేశారు. మందులకి నొప్పి ఆగడం లేదు.

"కట్టినప్పుడు ఏటని మొక్కేవత్తా?"

సన్యాసమ్మ దీపంలో వత్తి ఎగదోసింది.

"నా కొడుకుని నాకు ఉంచు సామీ అన్నాను. ఎలాగున్నా పర్లేదు, ఉంచితే సాలన్నాను."

"సామి అలాగే ఉంచేడు," అంది ఝాన్సీ. "పొద్దున్న మీ అబ్బాయి నన్ను అడిగేడు. అమ్మ ఇంకా ఒదల్దేటే, అని. నవ్వుతానే అడిగేడు."

మొక్కు తీరాక గుడిలోనే ముడుపు విప్పాలి. మధ్యలో విప్పడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. సన్యాసమ్మ లేచి దాన్ని అందుకుంది. ముడి బిగుసుకుపోయింది. పంటితో పట్టి లాగితే వదులైంది.

ఝాన్సీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

విప్పిన గుడ్డ ఒళ్లో పెట్టుకుని సన్యాసమ్మ చేతులు జోడించింది.

"సామీ, తీసుకుపో. ఆడికి సిన్నప్పట్నుంచీ సీకటంటే బయం. సెయ్యి ఒగ్గేయకు."